కుడి రెక్క

హుద్‌హుద్ తుపాను తర్వాత వచ్చిన రెండో వేసవిలో, అరుణశ్రీ తన చేతులతో అతికించిన నల్ల పలకలు ఆకాశం అంచుదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, బంగాళాఖాతంలో పడ్డాయి. పడ్డ సంగతి అందరికీ తెలుసు. ఏ స్థితిలో పడ్డాయో చెప్పగలిగినవాళ్లు మాత్రం లేరు. అది తెలుసుకోవాలన్న కోరిక ఆమెను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

ఆమెది ఎచ్చెర్లకు తూర్పున, సముద్రం ఒడ్డునున్న దిబ్బలపాలెం. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి నూకయ్య చేపల వేట మీద వచ్చిన డబ్బుతోనే కూతుర్ని చదివించాడు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి, పరీక్షలు రాసి, తిరువనంతపురంలోని అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగం తెచ్చుకుంది. ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కిస్తూ నూకయ్య అడిగాడు.

"అయితే రాకెట్లు సేస్తావేటి అమ్మీ?"

"మొత్తం నేనే సెయ్యను నానా. ఏదో ఒక ముక్క."

"ఏ ముక్క?"

అప్పటికి ఆమెకీ తెలియదు. చేరాక తెలిసింది.

అంతవరకూ రాకెట్ అంటే ఒక్కసారి వాడి వదిలేసేదే. పైకెళ్తుంది, మోసుకెళ్లినదాన్ని వదుల్తుంది, ముక్కలై సముద్రంలో పడిపోతుంది. వెళ్లి తిరిగొచ్చి మళ్లీ వెళ్లగలిగే పెద్ద రాకెట్ చెయ్యాలని కేంద్రంలో కొందరు చాలాకాలంగా పట్టుబట్టి ఉన్నారు. దానికంటే ముందు రెక్కలున్న చిన్న వాహనం ఒకటి చేసి ఎగరేసి చూడాలనుకున్నారు. పైకి పంపడం వాళ్లకు కొత్త కాదు. కష్టమంతా కిందికి రావడంలోనే ఉంది. అంత ఎత్తునుంచి అంత వేగంతో దిగేటప్పుడు గాలి రాపిడికి వాహనం పొట్ట నిప్పుకణికలా అవుతుంది. లోపలి లోహం కరగకుండా పొట్టకీ రెక్కలకీ అడుగున పలకలు అతికించాలి. చేత్తో పట్టుకుంటే ఆ పలకకు బరువే ఉండదు. గోరు గట్టిగా నొక్కితే గుంట పడుతుంది. అలాంటిది నిప్పులో పెట్టి తీస్తే అవతలి వైపు వెచ్చగా కూడా కాదు.

ఏ పలక చోటు దానిదే, ఏ పలక ఆకారం దానిదే. కింది లోహాన్ని తుడిచి, జిగురు పలచగా రాసి, పలక పెట్టి, గాలి లాగేసి, అలాగే అదిమి ఉంచి, ఆరేదాకా కాపలా కాయాలి. ఎడమ రెక్క అడుగు పని అరుణశ్రీకి వచ్చింది. కుడి రెక్క పని అనూరాధకు. అనూరాధది విజయనగరం, గంటస్తంభం దగ్గర బట్టలకొట్టు వాళ్లమ్మాయి. అంత పెద్ద కేంద్రంలో ఉత్తరాంధ్ర యాస తెలిసినవాళ్లు వాళ్లిద్దరే కావడంతో, ఒకే గది తీసుకుని అక్కచెల్లెళ్లలా ఉండేవారు.

పరీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. వేడి గాలి సొరంగంలో పెట్టి కాల్చారు. నీళ్లలో నానబెట్టారు. చివరికి చెవులు బద్దలయ్యే మోత పుట్టించే గదిలో రెక్కను నిలబెట్టి, రాకెట్ ఎగిరేటప్పుడు పుట్టే అదురు ఎంతుంటుందో అంత అదురూ పెట్టారు. తలుపు తీసి చూస్తే అరుణశ్రీ రెక్క మీద, అంచుకు దగ్గరగా, ఒక పలక లేదు. నేలమీద చెక్కుచెదరకుండా పడి ఉంది. పలకదేం తప్పు లేదు, జిగురే పట్టలేదు.

ఆ రోజు ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. "దీనికోసమే కదమ్మా పరీక్షలు పెట్టేది" అన్నాడు ప్రాజెక్టు పెద్దాయన. ఆ వరస మొత్తం ఊడదీసి, జిగురు మార్చి, మళ్లీ అతికించింది; కుడి రెక్కకూ అదే కొత్త జిగురు వాడారు. మళ్లీ అదిరించారు. ఈసారి ఊడలేదు. అయినా ఆ చోటు మీదికి ఆమె చెయ్యి తరచూ వెళ్లేది, పసిపిల్లల నుదురు తాకి జ్వరం చూసినట్టు.

ఇంటికి వెళ్లడం కుదరకుండా పోయింది. మేనమామ కొడుకు ధనరాజు ఆమె కోసం రెండేళ్లు ఆగాడు. చిన్నప్పట్నుంచీ ఇద్దరికీ అనుకున్నదే. "నువ్వొచ్చినాక సూద్దాం" అనేవాడు ఫోన్లో. వచ్చే నెల, పండగ తర్వాత, ఈ పరీక్ష అయ్యాక అంటూ ఆమె దాటేసేది. మూడో ఏడు అతను భావనపాడు నుంచి నీలవేణిని చేసుకున్నాడు. పెళ్లికి సెలవు దొరకలేదని అరుణశ్రీ చెప్పింది. నిజానికి ఆమె అడగలేదు.

ఎగిరే రోజు తిరువనంతపురంలో పెద్ద హాల్లో తెరల ముందు అందరూ కూర్చున్నారు. తూర్పు తీరం నుంచి వాహనం పైకెళ్లింది, మోసుకెళ్లిన రాకెట్ నుంచి విడిపోయింది, ముక్కు కిందికి వంచి దిగడం మొదలెట్టింది. పలకల కిందున్న సెన్సర్లు వేడి ఎంతుందో చూపే గీతలు తెర మీద పాకుతున్నాయి. అన్నీ మెల్లగా లేస్తున్నాయి. ఎడమ రెక్క అంచునున్న సెన్సర్ గీత మాత్రం మిగతావాటికంటే నిటారుగా లేచింది. ఆమె చూస్తూండగానే గీతలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాహనం సముద్రాన్ని చేరింది. హాలంతా చప్పట్లు. పక్కనున్న అనూరాధ ఆమెను పట్టుకుని గంతులేసింది. ఎవరో నోట్లో మైసూర్‌పాక్ పెట్టారు. అరుణశ్రీ కళ్లు మాత్రం ఆగిపోయిన ఆ గీత దగ్గరే ఉన్నాయి.

"సెన్సర్ లోపం కావచ్చు. పలక కదిలి ఉండొచ్చు కూడా. వాహనం చివరిదాకా మన మాట విన్నది, మొదటిసారికి అది చాలు" అన్నాడు పెద్దాయన మర్నాడు.

"వెతికిస్తారా సార్?"

"దాన్ని సముద్రంలో వదిలెయ్యడానికే పంపాం కదమ్మా. దిగడానికి అక్కడ రన్‌వే లేదు. నీళ్లను తాకినప్పుడే ముక్కలై మునిగి ఉంటుంది."

ఆ సంగతి మొదట్నుంచీ ఆమెకు తెలిసిందే. అయినా ఎవరో కొత్తగా చెప్పినట్టు గుండెలో గుచ్చుకుంది. ఆ రెక్కను మళ్లీ ఒక్కసారి వెల్లకిలా తిప్పి, ఆ చోట వేలు పెట్టి చూడాలని ఉండేది. అన్నం తింటున్నా, బస్సులో నిలబడి ఉన్నా, వేళ్లకు ఆ పలకల గరుకుదనం తగిలేది. చివరికి సెలవు పెట్టి ఇంటికి బయల్దేరింది.

ఏటా వేసవిలో పెట్టే చేపల వేట నిషేధం తీరిపోయి, బోట్లన్నీ మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్న రోజులవి. దిబ్బలపాలెంలో ఎవరి ముఖం చూసినా కళకళలాడుతోంది. ఒడ్డున బుట్టల నిండా కోనాలు, సూరలు. అంత పెద్ద చేపలు అన్నన్ని రావడం ఆమె చిన్నప్పుడు కూడా చూడలేదు. శ్రీకాకుళం నుంచి ఐసు వ్యాన్లు పాలెం దాకా వస్తున్నాయి.

నూకయ్య కూతుర్ని చూసి పొంగిపోయాడు. కానీ రాకెట్ ఊసెత్తితే మాట మార్చేవాడు. ఎన్నేళ్లుగానో ఫోన్ చేసినప్పుడల్లా "ఎగిరిందా, ఎప్పుడెగురుతాది" అని అడిగిన మనిషి. ధనరాజు ఎదురుపడినప్పుడు "బాగున్నావా అరుణా" అని, జవాబు వినకుండానే బోటు దగ్గరికి వెళ్లిపోయాడు.

నీలవేణి మాత్రం అలా కాదు. మొదటి రోజే గిన్నెడు చేపల పులుసు తెచ్చి, గడప మీద కూర్చుంది. వయసులో చిన్నది, నోరు పెద్దది; అరుణశ్రీని అక్క వరసన అప్పా అనేది.

"తినప్పా. నీ పేరు సెప్పుకొని తింతన్నాం కదా అందరం."

"నా పేరేటి?"

"అదే, ఆ నల్లపలకల దాని కింద..." అని ఆగి, నాలిక కరుచుకుంది. "ఓలమ్మో. సెప్పీసినాను. మీ బావ నన్ను సంపేస్తాడు."

అరుణశ్రీ చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసింది. "నల్లపలకలా? ఏటి నీలవేణీ? ఎక్కడ?"

నీలవేణి అటూ ఇటూ చూసింది. ఇక దాచి లాభం లేదనుకుంది. నిషేధం తీరిన మొదటి రోజుల్లోనే, ఒడ్డు కనిపించనంత లోపల, మన బోటువాళ్లకి నీళ్లమీద తేలుతూ ఏదో కనిపించిందట. ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లటి గచ్చు పరిచినట్టుగా, వెడల్పుగా ఉందట. దాని నీడకి చిన్న చేపలు చేరాయి. వాటికోసం పెద్దవి వచ్చాయి. రోజూ కొంచెం కొంచెం ఉత్తరంగా కొట్టుకొస్తుంటే, పాలెం బోట్లు దాని వెంటే తిరుగుతున్నాయి. పక్క ఊళ్లవాళ్లకి తెలియనివ్వలేదు. పోలీసులకి అసలే తెలియనివ్వలేదు.

అరుణశ్రీ చెయ్యి కడుక్కుని లేచింది. నూకయ్య వల చిక్కు తీస్తూ ఇంటి వెనక ఉన్నాడు.

"నానా, దాన్ని నువ్వు సూసినావా?"

నూకయ్యకి ఏది అని అడగాల్సిన పని లేకపోయింది. తలెత్తలేదు.

"సూసినాను."

"నాదని తెల్సా?"

"తెలకేటి. ఫోన్లో నువ్వే కదే సెప్పినావు, నల్లపలకలు అంటించి పంపినామని. సూడగానే తెలిసిపోయినాది."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు పట్టుకెల్లిపోతావు" అన్నాడు నూకయ్య. గొంతు తగ్గించి మళ్లీ అన్నాడు. "పాలెంలో ఏ ఇంట సూసినా నవ్వుతన్నారు. తుపాన్లో బోట్లు పోయినోల్లు రెండేళ్లయి తేరుకోనేదు. ఈ వారాల్లో లేసి నిలబడినారు. ఎలగ సెప్పమంటావు? నోరు రానేదమ్మీ."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఆమెలో ఉన్నదల్లా ఒకటే ఆత్రం. అది ఉంది. మునగలేదు. తన ఊరి సముద్రంలోకే వచ్చింది.

"నాను సూడాలి. నన్ను తీసికెల్లు."

"ఆడది బోటెక్కడమేటే?"

చిన్నప్పుడూ ఇదే మాట. ధనరాజు పదేళ్లకే తెప్ప ఎక్కాడు. ఆమె ఇసకలో నిలబడి చూసేది. కెరటాలు దాటాక ఒడ్డు ఎలా కనిపిస్తుందో చెప్పమని అతణ్ని వేధించేది. "ఏటుంటాది, సన్నగా గీతలాగుంటాది" అనేవాడు. ఆ గీతను చూడాలని ఏడ్చిన రోజులున్నాయి.

ఆ సాయంత్రం ఇంటి ముందు చిన్న పంచాయితీ అయింది. ఆడది బోటెక్కితే సముద్రపు తల్లి గంగమ్మకి కోపమొస్తాదని నూకయ్య అక్క కూర్మమ్మ గట్టిగా చెప్పింది. ధనరాజు ఓ పక్కన నిలబడ్డాడు. నీలవేణే కల్పించుకుంది.

"గంగమ్మ ఆడదే కదా అత్తా. కోపమెందుకొస్తాది? ఆ వస్తువు మోసుకొచ్చింది గంగమ్మ కాదేటి? దాన్ని అంటించిన సెయ్యి ఈ అప్పది. సూసుకోనీ." మొగుడి వైపు తిరిగింది. "ఏటి, అలగ నిలబడిపోయినావు? నువ్వు తీసికెల్లవా, నాను తెప్ప తొయ్యాలా?"

ధనరాజు నవ్వాడు. అరుణశ్రీ వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. "తెల్లారగట్టే రా" అన్నాడు.

కూర్మమ్మ విసవిసా లోపలికి నడిచింది. తెల్లవారి మాత్రం పసుపూ కుంకుమా తెచ్చి బోటు ముక్కుకి పెట్టి, అరుణశ్రీ నుదుట కూడా పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

కెరటాలు దాటేటప్పుడు బోటు నిలువునా లేచి పడింది. అరుణశ్రీ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి నీళ్లు నున్నగా ఉన్నాయి. వెనక్కి తిరిగి చూసింది. సరుగుడు తోటలు, ఇళ్లు, ఇసక అన్నీ కలిసి సన్నటి గీత. ఇంజను దగ్గరున్న ధనరాజు ఆమె చూపు ఎటుందో గమనించాడు.

"అబద్దం సెప్పినానా?"

"లేదు బావా. గీతే."

తండ్రి ముందువైపు కూర్చుని దారి చూస్తున్నాడు. బోటు ఇంకా లోపలికి పోయింది. గీత కూడా మాయమైంది.

"నువ్వప్పుడు నా మాట విని వచ్చేసుంటే," అన్నాడు ధనరాజు, ఆమె వైపు చూడకుండా, "ఇది ఇక్కడికి వచ్చుండేది కాదు కదా."

"ఇంకెవరో అంటించేవాళ్లు."

"అంటిద్దురు. అప్పుడది ఎవలదో, నాకేటి."

  దూరంగా పక్షులు గుంపుగా వాలడం చూసి అతను బోటు అటు తిప్పాడు.

ముందు ఆమెకు ఏమీ కనిపించలేదు. తర్వాత, కెరటం దిగినప్పుడు, వెలిసిపోయిన తెల్లటి వీపు ఒకటి నీళ్లమీద తేలింది. బోటు ఆనగానే అరుణశ్రీ ముందుకు వంగి రెండు చేతులూ దానిమీద వేసింది. ఎండకి వెచ్చగా ఉంది. అది రెక్కే. వాహనం నుంచి తెగిపోయి, లోపలి అరల్లో గాలి నిలిచిపోవడంతో తేలుతూ, ఇన్నాళ్లు సముద్రం మీద తిరిగిన రెక్క. దాని కింద నీళ్లన్నీ చేపలతో మెరుస్తున్నాయి.

"తిప్పాలి" అంది. 

నూకయ్యా, ధనరాజూ నీళ్లలోకి దిగారు. ఇద్దరూ భుజాలు పెట్టి ఎత్తితే, చేపలన్నీ చెదిరిపోతుండగా, రెక్క మెల్లగా ఒరిగింది. నల్లటి పలకలు బయటపడ్డాయి. వాటిమీద మెత్తటి కాడలతో సముద్రపు గుల్లలు గుత్తులుగా వేలాడుతున్నాయి. తండ్రి కత్తి తీసుకుని అరుణశ్రీ గుల్లలు గీకసాగింది, పలక మీద గీత పడకుండా, ఎంతో నెమ్మదిగా. అంచు దగ్గర ఒక వరస శుభ్రపడింది. పలకలు నిండుగా ఉన్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు. వేడికి రంగు కొంచెం మారింది, అంతే.  తను అనుమానపడిన చోటు కోసం వేలితో వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్లింది.

అంచు అటు వంగాల్సింది. ఇటు వంగి ఉంది.

మళ్లీ చూసింది. పలకల వరస పోయే తీరు, మూల తిరిగిన తీరు, అన్నీ ఆమెకు బాగా తెలిసినవే, అద్దంలో చూస్తున్నట్టు అటుదిటుగా తెలిసినవి. కత్తి పక్కన పెట్టింది.

"ఏటైనాదే?" అన్నాడు నూకయ్య నీళ్లలోంచి.

"ఇది కుడి రెక్క నానా."

"అయితేటి?"

"నాది ఎడమది."

తండ్రికి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఈదుకుంటూ వచ్చి బోటు అంచు పట్టుకున్నాడు. అరుణశ్రీ ఏడవలేదు. ఆ పలకల మీద అరచెయ్యి పెట్టి నిమురుతూ కూర్చుంది. ఇవి అనూరాధవి. పక్కపక్కనే నిలబడి, పాటలు పాడుకుంటూ, ఒకరి జిగురు డబ్బా ఒకరు వాడుకుంటూ అతికించినవి. ఇవి నిలిచాయి. సంతోషంగానే ఉంది. ఆ సంతోషం పక్కనే ఏదో ఖాళీగా ఉంది. ఎడమది ఎక్కడుందో, ఏ లోతున పడుకుందో!

ధనరాజు రెక్క చుట్టూ ఈది వచ్చాడు. చేత్తో అదిమి చూశాడు.

"మొన్నటికీ ఈయేలకీ జానెడు దిగిపోయింది మావా. గుల్లలు బరువెక్కిపోతన్నాయి. ఇంకో నాలుగు దినాల్లో మునిగిపోతాది."

"మునిగే దాకా..." అన్నాడు నూకయ్య. కూతురి ముఖం చూసి ఆపేశాడు.

 ప్రభుత్వ వస్తువు, అప్పజెప్పాలి అన్న మాట అరుణశ్రీ నాలిక చివర ఉంది. అనలేకపోయింది. ఒడ్డున నిండిన బుట్టలు గుర్తొచ్చాయి. అడిగితే ఇస్తారు, అందుకే అడగలేకపోయింది.

ధనరాజు బోటులోకి ఎక్కి తాడు తీశాడు. "మునిగితే మాకూ నేదు, ఈ మనిషికీ నేదు. మా తిండి మేం తిన్నాం. ఇప్పుడు లాగీడమే మంచిది. ఏటంటావు మావా?"

నూకయ్య చేపల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తనే తాడు అందుకుని ముడి వేశాడు.

తిరుగు ప్రయాణం మెల్లగా సాగింది. మధ్యదాకా చేపలు కూడా వెంట వచ్చాయి. నీళ్లు రంగు మారేచోట ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఎండ పడమటికి వాలేవేళకి గీత కనిపించింది, గీత సరుగుడు తోటైంది, తోట ముందు జనం కనిపించారు. పాలెం పాలెమంతా ఒడ్డున నిలబడి ఉంది.

కెరటాల దగ్గరే అసలు కష్టం వచ్చింది. పెద్ద అల ఒకటి రెక్కను ఎత్తి, ఇసకమేటకేసి కొట్టింది. ఫెళ్లున చప్పుడైంది. రెక్క రెండుగా విరిగింది. వెడల్పైన భాగం బుడగలు వదులుతూ అక్కడే మునిగిపోయింది. అరుణశ్రీ కేక పెట్టి నీళ్లలోకి దూకింది. అప్పటికే ఒడ్డునున్న మగవాళ్లు, చీరలు ఎగదోపుకున్న ఆడవాళ్లు అంతా పరుగెత్తుకొచ్చి మిగిలిన ముక్కను పట్టుకున్నారు. ఇన్నాళ్లు తమకు తిండి పెట్టినదాన్ని, పసిబిడ్డను ఎత్తినట్టు, చేతుల మీద ఇసకలోకి మోసుకొచ్చారు. అంచు ముక్క, దానిమీద కొన్ని వరసల పలకలు మాత్రం మిగిలాయి.

ఆమె ఫోన్ చేసిన మూడో రోజుకి కేంద్రం నుంచి మనుషులు వచ్చారు, లారీ వచ్చింది. వాళ్లతో అనూరాధ కూడా వచ్చింది. లారీ ఆగీ ఆగకముందే దిగి, ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని, పలకల్ని ఒక్కొక్కటే తడిమింది.

"ఉన్నాయే! ఒక్కటీ ఊడలేదే అరుణా, సూడవే!" నలుగురి ముందూ దాచుకునే విజయనగరం యాస వచ్చేసింది ఆమెకి. అంతలోనే స్నేహితురాలి ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఎడమది కూడా ఇలాగే ఉండుంటుంది."

"ఉండుంటుంది" అంది అరుణశ్రీ.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ముక్కకు మెత్తటి గుడ్డలు చుట్టి లారీ ఎక్కించారు. నీళ్లలో కలిసిపోయిందనుకున్నది దొరికినందుకు పెద్దాయన ఫోన్లో పాలెంవాళ్లందరికీ దండాలు చెప్పమన్నాడు. నూకయ్య తల ఊపి వల దగ్గరికి వెళ్లాడు. ఆ వారం బోట్లు ఖాళీగానే తిరిగొచ్చాయి. ఆ ఊసు ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు.

సెలవు మిగిలినన్ని రోజులూ అరుణశ్రీ ఒడ్డుకు వెళ్లింది. కళింగపట్నం వైపు, భావనపాడు వైపు ఉన్న చుట్టాలందరినీ నూకయ్య కదిపాడు. నల్లటిదేమైనా తేలిందా అని నీలవేణి పుట్టింటికి రోజూ ఫోన్ చేసేది. ధనరాజు వేట మానుకుని ఒకరోజంతా బోటు తిప్పాడు. ఎవరికీ ఏమీ దొరకలేదు. ఆమె వెళ్లిపోయే రోజు నూకయ్య స్టేషన్లో అన్నాడు. "నాను సూస్తానే ఉంటానమ్మీ. సంద్రం కదా. ఎప్పుడు ఏటి తెస్తాదో."

తిరువనంతపురంలో ఆ ముక్కను కోసి, కాల్చి, లాగి, నెలల తరబడి పరీక్షించారు. జిగురు గట్టిదని తేలింది. అదే జిగురు ఎడమ రెక్కకూ వాడారు కనుక అదీ నిలిచే ఉండాలని కాగితం మీద రాసుకున్నారు. అరుణశ్రీ ఆ కాగితం మీద సంతకం పెట్టింది.

తర్వాతి ఏడాది ఇంకా పెద్ద వాహనం పని మొదలైంది. ఈసారి ఎడమా కుడీ రెండు రెక్కల పని మీదా ఆమెకే పెత్తనం ఇచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం, చేతులకు జిగురు అంటకుండా తొడుగులు వేసుకుంటుండగా నీలవేణి ఫోన్ చేసింది. వెనక సముద్రం హోరు, చేపలు బేరమాడే ఆడవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి.

"అప్పా, ఇంకోటి సేస్తన్నారంట కదా. మీ నాన సెప్పినాడు. ఎప్పుడెగరేస్తారు?"

"ఇంకా సాన్నాల్లు పడతాదే."

"పడనీ. ఎటు పడతాదో కొంచెం మావైపు సూసి పడీయండి. మీ బావ అప్పుడే కొత్త వల కొంటన్నాడు."

అరుణశ్రీ నవ్వింది. "ఇది సముద్రంలో పడదే నీలవేణీ. రన్‌వే మీద దిగుతాది. ఎక్కడో మైదానంలో, మనకి సాలా దూరంలో. మళ్లీ ఎగరాలి కదా."

"అంటే మనవైపు రాదా?"

"రాదు."

 "పోనీలే. నువ్వు రా" అని ఫోన్ పెట్టేసింది నీలవేణి.

అరుణశ్రీ ఫోన్ పక్కన పెట్టి, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టిన రెక్క దగ్గరికి నడిచింది. ఇది దిగుతుంది, నిలబడుతుంది, తను దగ్గరికి వెళ్లి ప్రతి పలకనూ తాకి చూసుకోవచ్చు. ఇన్నేళ్లూ కోరుకున్నది అదే. కిటికీ బయట కొబ్బరిచెట్ల మీంచి అరేబియా సముద్రం గాలి వీస్తోంది. అది ఆమె పుట్టి పెరిగిన ఒడ్డు గాలి కాదు. మొదటి పలక తీసుకుని, జిగురు రాసి, అంచు సరిచూసి, రెండు అరచేతులతో అదిమి పట్టుకుంది.